ఉపాసన లోపిస్తే మిగిలేది శిలయే

చంద్రశేఖరపురం మండలంలోని భైరవకోనలో, కొండరాతిని తొలిచి మలచిన ఎనిమిది శివాలయాల సన్నిధిలో త్రిముఖ దుర్గాంబ కొలువై ఉంది. మహాకాళి, మహాలక్ష్మి, మహాసరస్వతి వేర్వేరు కారని, ఏకైక పరాశక్తికి ముఖత్రయమని ఆ మూర్తి దర్శనమాత్రాన బోధిస్తుంది. కార్తిక పౌర్ణమినాటి వెన్నెల అమ్మవారిపై ప్రసరించే వేళ దర్శనానికై భక్తులు తరలివస్తారు.

పాశ్చాత్య శిల్పంలోనూ ఇటువంటి రూపం ఒకటున్నది. గ్రీకుల దేవత హెకటే. పుడమి, కడలి, ఆకాశం మూడింటిలోనూ ఆమెకు భాగమున్నదని ప్రాచీన కవి హెసియడ్ కీర్తించాడు. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దికి చెందిన శిల్పి ఆల్కమెనీస్ ఆమెకు తొలిసారి మూడు దేహాలు ఒక్కటిగా కూడిన రూపాన్ని కల్పించాడని యాత్రికుడు పౌసానియస్ అభిప్రాయపడ్డాడు. మూడు దారులు కలిసేచోట ఆమె విగ్రహాలను నిలిపేవారు. మాసాంతంలో నైవేద్యం సమర్పించేవారు.

కాలక్రమంలో ఆ ఉపాసన లుప్తమైంది. 1623లో ముద్రితమైన షేక్‌స్పియర్ ‘మాక్‌బెత్’ నాటకంలో హెకటే మంత్రగత్తెల అధినేత్రి. మంత్రవిద్యతో ఆమెకు సంబంధం ప్రాచీనకాలం నుండే ఉన్నమాట నిజం. కాని నాడు అది ఆమె మహిమలో ఒక అంశం మాత్రమే. కొలిచేవారు లేనందున ఆ అంశమే సర్వమైంది. జగద్వ్యాపిని రంగస్థలంపై భయంకర పాత్రగా మిగిలింది.

కాళీమాతను పాశ్చాత్యులు రాక్షసిగా చిత్రించారని ఆక్షేపించేవారు ఈ చరిత్రను గమనించాలి. వారి పూర్వుల దేవతకూ అక్కడ అదే గతి పట్టింది. కనుక దోషం జాతిది కాదు, ధ్యానరహితమైన దృష్టిది. అటువంటి కంటికి ఖడ్గం కనిపిస్తుంది, అభయహస్తం కనిపించదు.

ఆ దృష్టి దేశాంతరాలకే పరిమితమని భావించడం పొరపాటు. జలపాతంలో స్నానమాడి, ఛాయాచిత్రాలు తీసుకొని భైరవకోన నుండి మరలిపోయే యువకునికి, ఇచ్ఛా జ్ఞాన క్రియాశక్తుల ఏకత్వమే ఆ త్రిముఖమని ఎవరు చెబుతున్నారు? విదేశీ చిత్రకారుని నిందించడం సులభం. పక్కన నిలిచిన బిడ్డకు అమ్మవారి తత్త్వాన్ని వివరించడానికి మాత్రం స్వయంగా తెలిసి ఉండాలి, నిత్యం ధ్యానించాలి.

దేవతారూపానికి నిజమైన రక్షణ ఖండన ప్రకటనలలో లేదు, ఆ వివరణలో ఉంది. అది తరం నుండి తరానికి అందినంతకాలం మూర్తి చైతన్యమూర్తియే. అది ఆగిననాడు, పౌర్ణమి వెన్నెల యథావిధిగా ప్రసరించినా, చూచేవారికి కనిపించేది శిల మాత్రమే.