ఏనుగునిచ్చి అంకుశానికి వెనుకాడవచ్చునా?



ఒకప్పటి నా శిష్యులు కొందరు, ఇంజనీరింగు చదివే పేద విద్యార్థుల కొరకు ఒక ఉపకారవేతన నిధిని నెలకొల్పదలచి, నియమావళి చిత్తుప్రతిని నాకు పంపారు. సంకల్పం శుభప్రదం. అయితే అందులోని మూడు నియమాలు నాకు రుచించలేదు. సొమ్మును కళాశాల ఫీజుకు మాత్రమే చెల్లించడం, ఉత్తమ ర్యాంకు వచ్చినవారినే ఎన్నుకోవడం, వార్షికోత్సవ వేదికపై చెక్కులందించడం.

మొదట ఫీజు మాట. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం చేపట్టిన ఫీజు రీయింబర్సుమెంటు వలన, ఇంజనీరింగు ఊసే ఎరుగని ఇండ్ల బిడ్డలు కళాశాల మెట్లెక్కారు. ఆ మేలును తక్కువ చేయరాదు. కాని ఫీజు కట్టినంతనే కడుపు నిండదు కదా! గది అద్దె, మెస్ బిల్లు, బస్సు పాసు, ల్యాబ్ రికార్డులు, ఇప్పుడు వీటికి తోడు ల్యాప్‌టాప్. ఇవేవీ ఫీజు లెక్కలోకి రావు. 2020 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన వసతి దీవెన ఈ లోటును గుర్తించి, ఇంజనీరింగు విద్యార్థికి ఏడాదికి రూ. 20,000 నిర్ణయించింది. పన్నెండుతో భాగించి చూడండి, నెలకు రూ. 1,700 కూడా రాదు. ఆ పైకంతో పట్టణంలో గదీ, రెండు పూటల భోజనమూ దొరుకుతాయా? ఏనుగునిచ్చి అంకుశం దగ్గర వెనుకాడడమంటే ఇదే.

మన పూర్వులు ఈ మర్మం ఎరిగినవారు. గురువు చదువు చెప్పేవాడు, ఊరు అన్నం పెట్టేది. సోమవారం ఒక యింట, మంగళవారం మరొక యింట వారాలు చేసుకొని చదివి పైకి వచ్చినవారెందరో! ఆ విస్తరి అన్ని కులాల బిడ్డలకూ దక్కలేదన్నది చేదు నిజం. ఆ లోపం నేటి నిధికి అంటరాదు. కాని ఆ పద్ధతిలో ఒక సుగుణం ఉన్నది. సాయం ఆకలి వేళకే అందేది. ఏడాది చివర ఒక్కమారుగా వచ్చే సొమ్ము అప్పు తీర్చడానికే చాలుతుంది. కనుక నెలనెలా, మొదటి సంవత్సరం మొదటి నెల నుండే, విద్యార్థి ఖాతాలో వేయండి.

ఇక ర్యాంకు. తెలంగాణలో వెనుకబడిన తరగతుల విద్యార్థికి పదివేల లోపు ర్యాంకు వస్తే పూర్తి ఫీజు, దాటితే రూ. 35,000 వరకే అన్న పద్ధతి ఏండ్ల తరబడి నడిచింది. మిగిలిన భారం ఎవరిపై పడుతుంది? తెలుగు మాధ్యమంలో చదివి, ఏ కోచింగూ లేక, ఇరవై వేల ర్యాంకు తెచ్చుకొన్న కూలివాని బిడ్డపైనే. పదివేల లోపువానికి చేయూతనిచ్చేవారు ఎందరో ఉంటారు. మీరు ఈ రెండవవానిని చూడండి. మొదటి సంవత్సరంలో ఆంగ్ల పాఠాలకు బెదరి ఒకటి రెండు సబ్జెక్టులు తప్పినా, వెంటనే చేయి విడువకండి.

చివరిది వేదిక. పేదరికాన్ని పదిమందిలో నిలబెట్టి ఫొటో తీయడం దానమనిపించుకోదు. దాతకు ఫలం కనబడాలి కదా అంటారా? బాల్యంలోనే తండ్రిని పోగొట్టుకొని, ట్యూషన్లు చెప్పుకొంటూ చదివిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యను మైసూరు ప్రభుత్వపు సాయమే పూణేలో ఇంజనీరింగు చదివించింది. 1908 మూసీ వరద తరువాత హైదరాబాదును కాపాడే ఉపాయం చెప్పినవాడు ఆయనే. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ ఆ సూచనల ఫలితమే. విత్తనం నాటినది ఒకరు, నీడ దక్కినది మరొక రాజ్యానికి. ఫలం మన పెరటిలోనే రాలాలన్న పట్టుదల దాతకు తగదు.

నా శిష్యులకు నేను వ్రాసి పంపిన సారాంశమిది. పదిమందికి ఫీజు కట్టడం కన్న, నలుగురిని నాలుగేండ్లూ ఆకలి లేకుండా చదివించడం మేలని నా అభిప్రాయం. నలుగురేనా అని వారిలో కొందరు నొచ్చుకొన్నారు. విజ్ఞులైన మీరేమందురు?