తెలుసుకుందాం: చేపకూ పేను పడుతుంది

రాయపురం రేవనీ కాశిమేడు రేవనీ పిలుచుకునే చెన్నై చేపల రేవులో తెల్లవారకముందే బేరాలు మొదలవుతాయి. అక్కడ వంజరం, చందువా, కానాగంతలు బోట్ల నుంచి దిగుతుంటే, నగరంలోని మార్కెట్లకు మన కృష్ణా, గోదావరి జిల్లాల చెరువుల నుంచి శీలావతి, బొచ్చె ఐసు పెట్టెల్లో లారీలెక్కి వస్తాయి. ఒకటి సముద్రంలో తనంతట పెరిగింది, మరొకటి రైతు మేత వేసి పెంచింది. బ్రతికుండగా ఈ రెండింటికీ ఏ సంబంధమూ లేదనుకుంటాం. కాని నీటికి గోడలుండవు. చేపల మీద బ్రతికే పురుగులకు ఆ సంగతి బాగా తెలుసు.

చేప శుభ్రం చేసేటప్పుడు మొప్పల్లోనో నోట్లోనో గోరంత తెల్లని కాళ్ళ పురుగు కనబడి ఉలిక్కిపడిన ఇల్లాళ్ళు మనలో ఉంటారు. అది రొయ్య, పీతల దూరపు చుట్టం. తీసి పారేసి కూర వండుకోవచ్చు, మనకు ఏ హానీ లేదు. చెరువు చేపకు పట్టేది వేరే రకం. దాన్ని రైతులు పేను అనే అంటారు, శాస్త్రంలో పేరు ఆర్గులస్. బిళ్ళలా పలచగా ఉండి, రెండు గుండ్రని పట్లతో చేప ఒంటికి అతుక్కుని, సూదిలాంటి ముల్లు గుచ్చి రక్తం పీలుస్తుంది. చేపను వదిలి కొన్నాళ్ళు నీళ్ళలో ఈదుతూ మరో చేపను వెతుక్కోగలదు. గుడ్లు మాత్రం రాళ్ళకూ, కర్రలకూ వరుసగా అంటిస్తుంది.

ఏటిలో చేపలు దూరదూరంగా తిరుగుతాయి కనుక పేనుకు ఆశ్రయం దొరకడం కష్టం. చెరువులో వేల చేపలు ఒకదానినొకటి ఒరుసుకుంటూ ఉంటాయి. కాలువ నీటితో పాటు వచ్చిన నాలుగు పేలు అక్కడ లక్షలవుతాయి. చెరువు ఖాళీ చేసినప్పుడు ఆ నీరు మళ్ళీ కాలువలోకే పోతుంది. నీరు పల్లమెరుగు అన్నారు కదా! కొల్లేరు చుట్టూ ఉన్న చెరువుల నీరు డ్రెయిన్ల వెంట సరస్సుకూ, అక్కడి నుంచి ఉప్పుటేరు మీదుగా సముద్రం వైపుకూ సాగుతుంది. అంటే ఏరు చెరువుకిచ్చిన అప్పును చెరువు వడ్డీతో సహా తిరిగి ఇస్తోందన్నమాట.

ఈ వడ్డీ ఎంత బరువో పశ్చిమ దేశాలు చూశాయి. సాల్మన్ పిల్లలు నదిలో పుట్టి సముద్రానికి వస్తాయి. ఆ వేళకు పెద్ద సాల్మన్లు చాలావరకు దూరపు కడలిలో ఉంటాయి కనుక పెద్దల పేలు పిల్లలకు అంతగా అంటవు. ఇది ప్రకృతి పెట్టిన ఎడం. తీరంలో వలల పంజరాలు కట్టి ఏడాది పొడవునా పెద్ద చేపల్ని పెంచేసరికి ఆ ఎడం పోయింది. కెనడా పడమటి తీరంలో గ్రాము బరువైనా లేని పిల్లలకు పేలు పట్టాయి. నార్వేలో పెంపకపు చేపకు సగటున అర ఆడపేను మించరాదని చట్టమే ఉంది. కెనడా ప్రభుత్వం బ్రిటిష్ కొలంబియా తీరంలో ఇలాంటి వల పంజరాలను 2029 జూన్ నాటికి ఆపాలని 2024లో ప్రకటించింది.

మన తీరంలో ఈ పాఠం రొయ్య నేర్పింది. 1990లలో టైగర్ రొయ్య పిల్లల కోసం హేచరీలు సముద్రంలో పట్టిన తల్లి రొయ్యలనే వాడేవి. 1994 నుంచి తెల్లమచ్చ వ్యాధి నెల్లూరు మొదలు తీరమంతా చెరువుల్ని తుడిచిపెట్టింది. అది పురుగు కాదు, వైరస్. దారి మాత్రం అదే: తల్లి రొయ్యతో లోపలికి, వదిలిన నీటితో బయటికి. 2009లో వెనామీ వచ్చినప్పుడు అందుకే జాగ్రత్త పడ్డారు. విదేశాల తల్లి రొయ్యలను మన చెన్నై నీలాంకరైలోని క్వారంటైన్ కేంద్రంలో పరీక్షించాకే హేచరీలకు ఇస్తారు. అయినా ఈహెచ్‌పీ అనే సూక్ష్మ పరాన్నజీవి చెరువుల్లోకి చొరబడింది. అది రొయ్యను వెంటనే చంపదు, ఎదగనివ్వదు. మేత ఖర్చు పెరుగుతుంది, రొయ్య పెరగదు.

రైతు కష్టం పెద్దదే. కాని అతను చెరువు ఎండగట్టి, సున్నం చల్లి మళ్ళీ మొదలుపెట్టగలడు. రాయపురంలో బోటెక్కే మనిషికి ఆ వీలు లేదు. సముద్రాన్ని ఎండగట్టేదెవరు? పైగా అక్కడ జబ్బు చేసిన చేప పెద్ద చేప నోట పడి మాయమవుతుంది, నష్టం లెక్కకే రాదు.

ఊళ్ళో చెరువులున్న బంధువులకు మనం చెప్పదగిన మాటలు కొన్ని ఉన్నాయి. నీరు పెట్టే తూముకు సన్న వల కట్టాలి. చెరువులో వెదురు తడికెలు వేలాడదీసి, పేలు వాటికి గుడ్లు పెట్టాక తీసి ఎండబెట్టాలి. ఒక చెరువు వల ఆరకుండా మరో చెరువులో వేయరాదు. జబ్బు చెరువు నీటిని శుద్ధి చేయకుండా కాలువకు వదలరాదు.

ఇక మన ఇళ్ళకు సంబంధించినవి రెండు. పచ్చి చేప తినే దేశాల్లో ఉన్నవారు, మైనస్ 20 డిగ్రీల్లో ఏడు రోజులు గడ్డకట్టించిన చేపనే తినాలి. బాగా ఉడికిన పులుసుకు ఆ బెంగ లేదు. పిల్లలు ముచ్చటపడి కొన్న గాజుతొట్టి చేపలు విసుగుపుట్టాక వాటిని చెరువులోనో ఏటిలోనో వదిలితే పుణ్యమనుకోకండి. వాటితో పాటు వాటి పేలనూ వదిలినట్లే. అమ్మిన దుకాణానికే తిరిగి ఇవ్వండి.