హైదరాబాద్ ఎఫ్‌సీ పతనం: ఒగ్బెచే వెళ్ళినందుకేనా?

హైదరాబాద్ ఫుట్‌బాల్ అభిమానుల మధ్య ఒక వాదన ఇంకా తెగలేదు. బార్తొలొమ్యూ ఒగ్బెచే వెళ్ళిపోయాడు కాబట్టే జట్టు కుప్పకూలిందని కొందరంటారు. పైపైన చూస్తే నిజమే అనిపిస్తుంది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ కప్పు గెలిచిన జట్టు ఇది. 2023లో ఆయన వెళ్ళాడు. తర్వాతి సీజన్‌లో 22 మ్యాచ్‌లు ఆడి ఒక్కటే గెలిచింది. 8 పాయింట్లతో అట్టడుగున మిగిలింది.

ఒగ్బెచే గొప్ప ఆటగాడే, అందులో అనుమానం లేదు. 2002 ప్రపంచ కప్‌లో నైజీరియా తరఫున ఆడిన ఈ ఫార్వర్డ్ 36 ఏళ్ళ వయసులో హైదరాబాద్ వచ్చాడు. మొదటి సీజన్‌లోనే 18 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ అందుకున్నాడు.

కానీ లెక్క పూర్తిగా వేయాలి కదా. రెండో సీజన్‌లో ఆయన గోల్స్ 10కి తగ్గాయి. జట్టు పాయింట్లు మాత్రం 38 నుంచి 42కి పెరిగాయి. లీగ్ దశలో ప్రత్యర్థులకు ఇచ్చిన గోల్స్ 23 నుంచి 16కి తగ్గాయి. అంటే జట్టును నిలబెట్టింది ఆయన ఒక్కడే కాదు, వెనక ఉన్న డిఫెన్స్, కోచ్ మనోలో మార్కెజ్ పెట్టిన పద్ధతి కూడా. ఇంకో ఉదాహరణ చూడండి. 2019-20లో ఇదే ఒగ్బెచే కేరళకు 15 గోల్స్ కొట్టాడు. అయినా ఆ జట్టు పది జట్లలో ఏడో స్థానంలోనే ఆగింది.

మరి 2023లో ఏం జరిగింది? మార్కెజ్ గోవా జట్టుకు వెళ్ళాడు. ఆకాశ్ మిశ్రా ముంబైకి, హాలిచరణ్ నర్జారీ బెంగళూరుకు, సివేరియో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళారు. జీతాల బకాయిలు పేరుకుపోయాయి. కొత్త ఆటగాళ్ళను తీసుకోకుండా ఫిఫా నిషేధం పెట్టింది. 2024 జనవరికి మిగిలిన సీనియర్లలో చాలామంది కూడా సర్దుకున్నారు. చివరికి కుర్రాళ్ళే సీజన్ లాగారు.

మా కడియం నర్సరీల్లో ఎవర్నడిగినా చెప్తారు: మంచి మొక్క ఒకటి లారీ ఎక్కితే తోట ఎండదు, నీళ్ళు ఆగితే ఎండుతుంది. ఇక్కడ ఆగింది జీతం.

హైదరాబాద్‌కి ఇది తెలియని సంగతి కాదు. సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాబ్ శిక్షణలో సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ ఆటగాళ్ళకు పోలీస్ శాఖలో ఉద్యోగం ఉండేది, నెల తిరిగితే జీతం చేతికొచ్చేది. రహీమ్ సాబ్ ప్రతిభతో పాటు ఆ భరోసా కూడా ఆ విజయాల్లో ఉంది.

కాబట్టి నా లెక్కలో ఒగ్బెచే విలువ 28 గోల్స్, ఒక కప్పు. అది చిన్నదేం కాదు. కానీ జట్టు పతనాన్ని ఆయన ఖాతాలో రాస్తే, జీతాలు ఎగ్గొట్టిన వాళ్ళు తప్పించుకున్నట్టే. పనివాడి చెమట ఆరకముందే కూలి ఇవ్వాలని మన ఇళ్ళలో చిన్నప్పటి నుంచీ వింటున్న మాట. అది మైదానానికీ వర్తిస్తుంది. రేపు మీ అబ్బాయి ఏదైనా క్లబ్‌లో సంతకం పెట్టబోతుంటే, అక్కడ ఏ స్టార్ ఆడుతున్నాడని కాదు, పోయిన ఏడాది అందరికీ జీతాలు అందాయా అని ముందు అడగండి.