నమ్మకానికి కాగితం తోడు కావాలి

కొద్ది నెలల క్రితం ఒక సాయంత్రం, అసర్ నమాజు తర్వాత, ఒక వితంతు సోదరి పదో తరగతి చదువుతున్న తన కొడుకును వెంటబెట్టుకుని వచ్చారు. ఆమె భర్త ఒక బేకరీలో 16 సంవత్సరాలు భట్టీ దగ్గర పనిచేసి, అక్కడే జరిగిన అగ్నిప్రమాదంలో మరణించారు. యజమాని మనవారే, మంచివారే. ఆసుపత్రి ఖర్చు భరించారు, జనాజాకు భుజం పట్టారు, ఇద్దత్ ముగియకముందే 20,000 రూపాయలు పంపించారు. ఆ సోదరి అడిగిన ప్రశ్న ఒక్కటే: "భాయీసాబ్, ఆయన అక్కడ పనిచేశారనడానికి మా దగ్గర ఒక్క కాగితమూ లేదు. మాకు రావలసింది ఇంతేనా?"

ఇంతే కాదు. ఆ బేకరీలో 14 మంది పనిచేస్తారు. మృతుని నెల జీతం 14,000 రూపాయలు. 10 మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థలకు ఈఎస్ఐ వర్తిస్తుంది. జీతం 21,000 రూపాయలు దాటని ప్రతి ఒక్కరినీ అందులో చేర్చవలసిన బాధ్యత యజమానిదే. యజమాని వాటా 3.25 శాతం, కార్మికుని వాటా 0.75 శాతం. అంటే ఈ జీతానికి యజమాని నెలకు 455 రూపాయలు, కార్మికుడు 105 రూపాయలు చెల్లిస్తే సరిపోయేది. పనిలో ప్రమాదం వల్ల మరణం సంభవిస్తే, జీతంలో 90 శాతం మేరకు ఆశ్రితులకు నెలనెలా అందేది. అంటే సుమారు 12,600 రూపాయలు. దీనికి తోడు గ్రాట్యుటీ ఉంది. ఏడాది సర్వీసుకు 15 రోజుల జీతం చొప్పున, నెలకు 26 పనిదినాలుగా లెక్కిస్తే, 16 సంవత్సరాలకు 1,29,230 రూపాయలు. మామూలుగా గ్రాట్యుటీకి 5 సంవత్సరాల సర్వీసు కావాలి. మరణించినా, అంగవైకల్యం కలిగినా ఆ నిబంధన కూడా లేదు.

నెలకు 560 రూపాయలు కట్టకపోవడం వల్ల ఒక కుటుంబం ఏం పోగొట్టుకున్నదో ఈ లెక్క చెబుతుంది. యజమాని నష్టమూ తక్కువేమీ కాదు. ఈఎస్ఐలో చేర్చి ఉంటే సంస్థ భరించవలసిన భారం ఇప్పుడు ఆయన నెత్తిన పడింది. మంచితనం చట్టానికి బదులు కాజాలదు.

ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ఫైళ్లు కదిపినవాణ్ణి. కాగితం ఉన్నవాడి మాట ఎలా నెగ్గుతుందో, లేనివాడి న్యాయం ఎలా మూలనపడుతుందో కళ్లారా చూశాను. మెహర్ ఎంతో నికాహ్‌నామాలో రాయించకుండా మనం ఆడపిల్లను అత్తవారింటికి పంపం. అది అపనమ్మకం అని ఎవరూ అనుకోరు. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోవాలన్న ఆదేశం బఖరా సూరా 282వ ఆయతులో ఉన్నదని మనకు తెలుసు. కాని జీవితంలో సగభాగం ధారపోసే కొలువు విషయానికి వచ్చేసరికి "మనవాడే కదా, కాగితమెందుకు?" అంటాం.

మన సమాజంలో అత్యధికులు స్వయం ఉపాధిలోనూ, అసంఘటిత రంగంలోనూ ఉన్నారని 2006లో సచార్ కమిటీ నివేదిక స్పష్టంగా చెప్పింది. నేడు చదువుకున్న మన యువకులు మెకానిక్ షెడ్ల నుంచి ఆన్‌లైన్ దుస్తుల వ్యాపారం దాకా, కేటరింగ్ నుంచి సాఫ్ట్‌వేర్ దాకా సొంత సంస్థలు ప్రారంభిస్తున్నారు. సంతోషం. అయితే మొదటి మనిషిని పనిలోకి తీసుకున్న రోజే తాము చట్టం దృష్టిలో యజమానులమయ్యామని వారు గుర్తించాలి.

2025 నవంబర్ 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటిలో వేతనాల కోడ్ చిన్నా పెద్దా తేడా లేకుండా అన్ని సంస్థలకూ వర్తిస్తుంది. కనీస వేతనానికి తక్కువ ఇవ్వరాదు. నెల జీతం మరుసటి నెల 7వ తేదీలోగా చేతికి అందాలి. పని మానేసినా, మాన్పించినా బకాయి 2 పనిదినాల్లో చెల్లించాలి. అదనపు గంటలకు రెట్టింపు కూలి ఇవ్వాలి. జీతపు చీటీ ఇవ్వాలి. 10 మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థలో నియామక పత్రం తప్పనిసరి. 20 మంది ఉంటే ప్రావిడెంట్ ఫండ్, బోనస్ కూడా వర్తిస్తాయి. పదిమంది కంటే తక్కువ ఉన్నా, యజమాని, అధికసంఖ్యాక కార్మికులు ఒప్పుకుంటే ఈఎస్ఐలో స్వచ్ఛందంగా చేరవచ్చు. ఒక్కడే పనివాడున్న షెడ్డులో ప్రమాదం జరిగినా నష్టపరిహారం చెల్లించక తప్పదు.

మన విద్యాసంస్థల నిర్వాహకులకు ఒక మాట. రాజ్యాంగం 30వ అధికరణం మనకు సంస్థలు నెలకొల్పి నడుపుకునే హక్కు ఇచ్చింది. సిబ్బంది హక్కులను కాదనే హక్కు ఇవ్వలేదు. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కళాశాల ఆసుపత్రి ఉద్యోగుల కేసులో 1987లోనే, మైనారిటీ సంస్థలకు కూడా పారిశ్రామిక వివాదాల చట్టం వర్తిస్తుందని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మన పాఠశాలల్లో బోధిస్తున్న ఆడబిడ్డలకు ప్రసూతి సెలవు 26 వారాలు జీతంతో ఇవ్వడం చట్టబద్ధమైన విధి. గర్భవతి అని తెలియగానే "కొన్నాళ్లు ఇంట్లో ఉండమ్మా" అని పంపించివేయడం అన్యాయం. 10 మంది పనిచేసేచోట లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలన్నది 2013 చట్టం.

ఇక రెండో వైపు. ఇతరుల సంస్థల్లో పేరు చూసి, గడ్డం చూసి, హిజాబ్ చూసి ఉద్యోగం నిరాకరించారన్న ఫిర్యాదులు మన వద్దకు తరచుగా వస్తాయి. 15, 16 అధికరణాలు ప్రభుత్వాన్నే ప్రధానంగా కట్టడి చేస్తాయి. మనకున్న 4 శాతం రిజర్వేషన్ ప్రైవేటు కొలువులకు వర్తించదు. ప్రైవేటు నియామకాల్లో మత వివక్షను నేరుగా నిషేధించే సమగ్ర కేంద్ర చట్టం లేదు. సచార్ కమిటీ సమాన అవకాశాల కమిషన్‌ను సిఫార్సు చేసింది ఈ లోటును చూసే. ఆ డిమాండును మనం విడువరాదు. అయితే మన దుకాణంలో మన కార్మికుని హక్కు కాలరాస్తూ, పరాయి దుకాణంలో న్యాయం అడిగితే ఆ గొంతుకు బలం ఉండదు.

కార్మిక సోదరులారా, నియామక పత్రం అడగడానికి సంకోచించకండి. అది దొరకకపోతే ఉన్న ఆధారాలను భద్రపరచండి. ఫోన్‌పేలో వచ్చిన జీతం, యజమాని పంపిన వాట్సాప్ సందేశాలు, హాజరు పుస్తకం ఫోటో, తోటి పనివారి సాక్ష్యం, ఇవన్నీ పనికివస్తాయి. వేతన బకాయిల కోసం 3 సంవత్సరాల లోపు దావా వేయవచ్చు. డెలివరీ బండ్లు నడిపే యువకులు ఈ-శ్రమ్ పోర్టల్‌లో ఉచితంగా నమోదు కావాలి. గిగ్ కార్మికులను సామాజిక భద్రతా కోడ్ తొలిసారిగా గుర్తించింది. వారి నిధికి కంపెనీలు టర్నోవరులో 1 నుంచి 2 శాతం చెల్లించాలని నిర్దేశించింది.

మస్జిద్ కమిటీలు నెలకు ఒక ఆదివారం, చదువుకున్న నలుగురు యువకులను కూర్చోబెట్టి, చిరు వ్యాపారులకు రిజిస్ట్రేషన్లు, కార్మికులకు దరఖాస్తులు రాసిపెట్టే ఏర్పాటు చేయాలి. విశ్రాంత ఉద్యోగులు ఎందరో ఖాళీగా ఉన్నాం. మా కలాలు ఇంకా ఎండిపోలేదు.

ఆ సోదరి తరఫున గ్రాట్యుటీ దరఖాస్తు రాసి కార్మిక శాఖకు పంపాము. ఆమె కొడుకు దానిని రెండుసార్లు చదివి, "మా నాన్న పేరు, ఆయన చేసిన పని కలిపి ఒక కాగితం మీద చూడడం ఇదే మొదటిసారి" అన్నాడు. ఆ మాట యజమానులందరూ వినాలి.