జంధ్యాల హాస్యము - మా గంజాం తెలుగు



సినిమాలను గురించి పత్రికకు ఉత్తరం వ్రాయడం నా వయసుకు తగదని ఇంట్లోవారు అన్నారు. ముప్పది యేళ్ళకు పైగా సర్కారు ఫైళ్ళలో ఇతరుల మాటలకే నకళ్ళు వ్రాశాను గనుక, ఈ ఒక్కటి నా సొంత మాటగా తమ పత్రికలో ప్రకటింప ప్రార్థన. విషయం కీర్తిశేషులు జంధ్యాలగారి హాస్య చిత్రాలు.

మాది బరంపురం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా తాతగారి ఇంటి గుమ్మం అంగుళం కదలలేదు. రాష్ట్రమే మారింది. అప్పటినుంచి ఇంట తెలుగు, బజారులో ఒడియా, అర్జీలో ఇంగ్లీషు. ఇందులో మాకు ఎవరితోనూ పేచీ లేదు.

నేను మెట్రిక్ ప్యాసై గుమాస్తా పనిలో చేరిన కొత్తలో, 1982లో 'నాలుగు స్తంభాలాట' వచ్చింది. ఆదివారం ప్యాసింజరు బండిలో ఇచ్ఛాపురం పోయి చూచి వచ్చాము. వీరభద్రరావు, వేలు గార్లకు 'సుత్తి' అన్నది ఇంటిపేరైపోయింది ఆ చిత్రంతోనే. సోమవారానికి ఆ మాట మా ఆఫీసులో అడుగు పెట్టింది. మా బడబాబుగారు ఒడియావారు. "సుత్తి అంటే ఏమిటి?" అని అడిగితే, అంతూ పొంతూ లేని ఉపన్యాసమని చెప్పాము. వారం తిరగకుండా నా సెలవు చీటీలోని కారణాలు సగం చదివి, "ఈ సుత్తి ఆపి ఎన్ని రోజులో చెప్పు" అని వారి భాషలో అన్నారు. సెలవు మాత్రం ఇచ్చారు.

పొత్తూరి విజయలక్ష్మిగారి నవల ఆధారంగా 1984లో తీసిన 'శ్రీవారికి ప్రేమలేఖ'లో శ్రీలక్ష్మిగారు సినిమా కథ చెప్పడం మొదలుపెడితే తెరమీద పేర్లు పడే చోటునుంచీ చెబుతారు. మా పెద్దక్కకు ఆ జబ్బు అంతకు పూర్వమే ఉన్నది. ఆ చిత్రం చూచి మాతోపాటు తానూ పడిపడి నవ్వింది. మరునాడు పొరుగింటి పిన్నిగారికి ఆ కథే, పేర్లు పడే చోటునుంచి చెప్పింది. జంధ్యాలగారి గొప్పతనం నాకు ఇక్కడే కనబడుతుంది. ఆయన ఎగతాళి చేసిన మనిషి కూడా హాలులో కూర్చుని నవ్వగలడు. నవ్వించడానికి ఎవరినీ చెంపమీద కొట్టించనక్కరలేదు, చెవులు మూసుకొనే మాట అనిపించనక్కరలేదు. పిసినారి, కోపిష్టి, కవిత్వపు పిచ్చివాడు ఎవరైనా సరే, వారిచేత కావలసినంత తెలుగు మాట్లాడించారు. 1980లో 'శంకరాభరణం'కు మాటలు వ్రాసిన కలమే ఇది. తన చిత్రాలకు 'ఆహ నా పెళ్ళంట', 'వివాహ భోజనంబు', 'చూపులు కలసిన శుభవేళ' అని 1957 నాటి 'మాయాబజారు' పాటల పల్లవులనే పేర్లుగా పెట్టుకొన్నవారికి తాము ఎవరి వారసులో తెలియకపోలేదు.

అన్నిటినీ మెచ్చుకొంటానని కాదు. ప్రతి పాత్రకూ ఒక పిచ్చి అంటగట్టడం తరువాత తరువాత విసుగనిపించింది. కొన్ని చిత్రాలలో కథ పలచబడి, హాస్యమే దానిని మోయవలసి వచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. మా మనుమడికి పదకొండేళ్ళు. ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, అక్షరాలు రావు. నేను చదివే రోజుల్లో బడిలో తెలుగు తరగతి ఉండేది. వాడు చదివే చోట లేదు. మొన్నీమధ్య వాడి పక్కన కూర్చుని ఫోనులో 1987 నాటి 'ఆహ నా పెళ్ళంట' చూచాను. కోట శ్రీనివాసరావుగారు కోడిని ఇంటికప్పుకు వేలాడగట్టి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తినే చోట వాడు పొట్ట పట్టుకొని నవ్వాడు. తరువాత మాటల్లో హాస్యం వచ్చింది. నేను నవ్వాను. వాడు నా మొహం చూచి, "తాతా, ఏమన్నాడు?" అని అడిగాడు. చెప్పాను. విప్పి చెప్పిన హాస్యం చల్లారిన కాఫీ వంటిది గదా. వాడు మర్యాదకు నవ్వాడు. ఆ మర్యాద నవ్వుకే నాకు దిగులు పట్టుకొన్నది. వాడికి కోడి మిగిలింది, బ్రహ్మానందంగారి మొహం మిగిలింది. ఆ మొహం బొమ్మలు ఫోనుల్లో రోజూ వస్తూనే ఉన్నవి. జంధ్యాలగారు మాత్రం వాడికి అందలేదు.

ఆ రాత్రే ఒక రూళ్ళ పుస్తకం తీసి, నాకు నచ్చిన ఘట్టాలు ఆపి ఆపి వింటూ, ఆఫీసు దస్తూరీతో మాటలన్నీ దించడం మొదలుపెట్టాను. రోజుకొక పేజీ. వాడు వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కొని చదువుతాడు. వాక్యం ముగిసిన తరువాత కొంచెం ఆలస్యంగా నవ్వు వస్తుంది. ఆలస్యమైనా అది సొంత నవ్వు. మా వీధిలో మరి ఇద్దరు పిల్లలు ఈ పుస్తకం ఎరువడిగారు.

జంధ్యాలగారు 1951 జనవరి 14న పుట్టి, 2001 జూన్ 19న, యాభై యేళ్ళకే పోయారు. ఆయన చిత్రాల మాటలు అచ్చుపుస్తకాలుగా మా ఊరి అంగళ్ళలో ఎంత వెదకినా నాకు దొరకలేదు. ప్రచురణకర్తలెవరైనా పూనుకొని, హక్కులున్న వారి అనుమతితో, రెండు మూడు చిత్రాల సంభాషణలైనా చవుకగా అచ్చువేసి మావంటి సరిహద్దు ఊళ్ళకు పంపితే కొనేవారు ఉన్నారు. మొదటి ప్రతికి సొమ్ము నేను ముందుగానే పంపుతాను. అచ్చు మాత్రం కొంచెం పెద్దదిగా ఉండవలెను. నా కళ్ళ కోసం కాదు. పిల్లవాడు ఇంకా వత్తుల దగ్గర తడబడుతున్నాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత గుమాస్తా,
బరంపురం, గంజాం జిల్లా.