మట్టి మనిషికి టిక్కెట్టు



గత డిసెంబరులో హైదరాబాదులోని మా చెల్లెలి ఇంటికి వెళ్ళినప్పుడు, ఒక సాయంత్రము మా అమ్మ, నా భార్య, ఇద్దరు పిల్లలు, నేను కలిసి మాదాపూరులోని శిల్పారామము చూడబోయాము. గ్రామీణ చేతిపనులు నిలిచియుండాలని 1992లో ప్రభుత్వము దీనిని తలపెట్టింది. 1998లో ప్రారంభమైన సైబర్ టవర్స్ అనే పెద్ద కంప్యూటర్ భవనము ఆ దగ్గరలోనే ఉన్నది. చుట్టూ అద్దాల మేడలు, మధ్యలో చెట్లు, పూరిండ్లు, చేతిపనివారి అంగళ్ళు!

టిక్కెట్లు కొని లోపలికి వెళ్ళాము. అక్కడ ఒక పల్లెటూరిని నిలువెత్తు బొమ్మలతో కట్టి చూపిస్తారు. కుమ్మరి, వడ్రంగి, నేతగాడు, అందరూ ఉన్నారు, ప్రాణమొక్కటే తక్కువ. మగ్గము దగ్గర మా అమ్మ ఆగిపోయింది. "మా నాయన అచ్చం ఇట్లాగే వంగి కూర్చునేవాడురా" అని చాలాసేపు కదలలేదు.

తరువాత అంగళ్ళ వైపు నడిచాము. కొండపల్లి బొమ్మల దగ్గర మా చిన్నవాడు ఒక ఎడ్లబండిని పట్టుకొని వదలలేదు. ఆ బొమ్మ ఒక్క చెక్కలో మలచినది కాదు. తెల్ల పొణికి కర్రను ఆరబెట్టి, ఒక్కొక్క భాగమును వేరుగా చెక్కి, చింతగింజల పొడిని రంపపు పొట్టుతో కలిపిన ముద్దతో అతికి, ఆపైన రంగులు వేస్తారు. దాని వెల నాలుగు వందలన్నాడు. "ఈ చెక్కముక్కకా?" అని నేను వెనుదిరిగాను. చీకటి పడుతున్నది, బేరములు లేవు. చివరకు మూడు వందలకు ఇచ్చాడు. "చూశావా, వంద తగ్గించాను" అని నా భార్యతో గొప్పగా చెప్పుకున్నాను.

అమ్మ మెల్లగా అన్నది: "మా నాయన బట్టల మూట సంతకు మోసుకుపోయేవాడు. పొద్దు గూకేదాకా ఆగి, అప్పుడొచ్చి సగానికి అడిగేవాళ్ళు. బియ్యము కొనాలి గనుక ఇచ్చేవాడు. నువ్వు మట్టి మనిషిని చూడటానికి అడిగినంత ఇచ్చి టిక్కెట్టు కొన్నావు. బ్రతికున్న మనిషి దగ్గర బేరమాడావు."

నా నోట మాట రాలేదు. కొనేటప్పుడు సరుకును తీసిపారేసి, ఇంటికి పోతూ అతిశయపడేవాని గురించి సామెతలు 20వ అధ్యాయము చెబుతున్నది. దానిమీద నేను ఎన్నోసార్లు ప్రసంగించాను. ఆ సాయంత్రము ఆ మనిషిని నేనే! మార్కు సువార్త 6వ అధ్యాయములో నజరేతువారు మన ప్రభువును వడ్లవాడన్నారు. ఆయన చేసిన వస్తువులకు కూడా నాలాంటివాడెవరో బేరమాడి ఉంటాడు.

నేను వెనుకకు వెళ్ళి ఆ వంద ఇచ్చాను. "మళ్ళీ ఎందుకండీ?" అన్నాడాయన. నాకు జవాబు దొరకలేదు.

ప్రియులారా, మనలో చాలామంది అమ్ముకునేవారమే. ధాన్యము, మిరపకాయలు, కూరగాయలు సంతకు తీసుకుపోయి తక్కువ ధర విని కన్నీళ్ళతో తిరిగి వచ్చినవారమే. అయినా గంప ఎత్తుకొని మన వాకిటికి వచ్చిన అక్కతో మనము ఎట్లా మాట్లాడుతున్నాము? బేరమాడుట పాపమని నేననను. ఎదుటివాని అవసరమును చూచి ధర తగ్గించుట మాత్రము అన్యాయము. ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో పిల్లలతో ఈ మాట చెప్పండి. రేపు వాకిట్లో వారు మనలను చూస్తారు.