ఆపే తేదీ లేని మాత్ర

కల్తీ కల్లు వార్త వచ్చినప్పుడల్లా, అందులో కలిపే నిద్రమందు అల్ప్రాజోలం పేరు పేపర్లకు ఎక్కుతుంది. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్లు తాగి కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నప్పుడూ ఆ పేరే వినిపించింది. ఎక్సైజ్ వాళ్లు దాడులు చేస్తారు, కేసులు పెడతారు. పెట్టాల్సిందే. కానీ అదే మందు బీపీ గోళీ, షుగర్ గోళీల పక్కనే ఎందరో పెద్దవాళ్ల మందుల డబ్బాలో ఏళ్ల తరబడి ఉంటోంది. ఆ సంగతి ఎవరికీ పట్టదు.

అది ఇంట్లోకి వచ్చే దారి దాదాపు అన్నిచోట్లా ఒకటే. తోడు పోయిన దుఃఖమో, ఆపరేషన్ తర్వాతి నొప్పో, దూరాన ఉన్న పిల్లల మీద బెంగో. నిద్ర పట్టడం లేదంటే డాక్టరు పది రోజులకు రాస్తారు. పదకొండో రోజు ఏం చేయాలో చీటీలో ఉండదు. ఆ తర్వాత చాలాచోట్ల చీటీతోనే పని ఉండదు. మెడికల్ షాపులో ఖాళీ షీటు చూపించి ‘ఇవే, ఇంకో పది ఇవ్వు బాబూ’ అంటే చాలు, కుర్రాడు కత్తెరతో కత్తిరించి కవర్లో వేసి ఇచ్చేస్తాడు.

చట్టం లేక కాదు. అల్ప్రాజోలం, డయాజెపామ్, జోల్పిడెమ్ వంటివి షెడ్యూల్ హెచ్1 మందులు. 2014 మార్చి నుంచి ఈ నిబంధన అమల్లో ఉంది. చీటీ చూడకుండా అమ్మకూడదు. కొన్నవారి పేరు, రాసిన డాక్టరు పేరు, ఇచ్చిన మాత్రల లెక్క రిజిస్టర్లో ఎక్కించి మూడేళ్లు దాచాలి. షీటు మీద ఎర్ర గీతల మధ్య హెచ్చరిక కూడా ఉంటుంది, చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో. తెలుగు మాత్రమే చదవగల డెబ్బై ఏళ్ల మనిషికి అది ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

ఈ మందులు వయసును బట్టి పనిచేస్తాయి. డయాజెపామ్ మోతాదు ఒంట్లో సగానికి తగ్గడానికి ఇరవై ఏళ్ల వ్యక్తికి సుమారు 20 గంటలు పడితే, ఎనభై ఏళ్ల వ్యక్తికి 90 గంటల దాకా పడుతుందని 1970ల్లోనే తేలింది. అంటే మొన్నటి మాత్ర ఇంకా ఒంట్లో ఉండగానే ఇవాళ్టిది పడుతోంది. రాత్రి రెండింటికి బాత్రూంకని లేచిన మనిషి ఆ మగతలో తూలి పడతారు, తుంటి విరుగుతుంది. ఇంట్లోవాళ్లు బాత్రూం టైల్స్‌ను తిట్టుకుంటారు. మతిమరుపు వస్తే వయసు మీదకు నెట్టేస్తారు. మందుల డబ్బా వైపు ఎవరి చూపూ పోదు.

పోనీ, లాభమైనా గట్టిగా ఉందా? అరవై దాటినవారి మీద జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూసి బ్రిటిష్ మెడికల్ జర్నల్ 2005లో లెక్క తేల్చింది. నిద్ర పెరిగేది సగటున రాత్రికి 25 నిమిషాలు. 13 మంది వాడితే ఒకరికి మేలు, ఆరుగురు వాడితే ఒకరికి ఏదో ఒక హాని. అమెరికా వృద్ధుల వైద్య నిపుణుల సంఘం అరవై ఐదు దాటినవారికి వీటిని వీలైనంత వరకు రాయొద్దంటోంది.

‘ఈ వయసులో మాన్పించి ఏం సాధిస్తారు, హాయిగా పడుకోనివ్వండి’ అనే పిల్లలున్నారు. ప్రేమతోనే అంటారు. కాకపోతే కొన్ని ఇళ్లలో మాత్ర పెద్దాయనకు, ప్రశాంతత మిగతావాళ్లకు. రాత్రి ఎనిమిదింటికే పడుకున్న మనిషికి మూడింటికి మెలకువ వస్తే ఏడు గంటల నిద్ర అయిపోయినట్టే. దానికి కావాల్సింది మాత్ర కాదు, ఇంకాసేపు కబుర్లు చెప్పే మనిషి.

అలాగని ఇవాళే డబ్బాలోంచి తీసి పారేయకూడదు. కల్లు దుకాణాల మీద కట్టడి పెరిగినప్పుడు తెలంగాణలో ఏం జరిగిందో తెలిసిందే. కల్లులో కలిపే ఆ మందు అందక వణుకు, పిచ్చిచూపులు, ఫిట్స్‌తో జనం ఆస్పత్రులకు పరుగెత్తారు. అలవాటుపడిన ఒంటికి ఈ మందు ఒక్కసారిగా ఆగితే ప్రమాదం. వారాలూ నెలలూ తీసుకుని కొద్దికొద్దిగా తగ్గించాలి.

దీనికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదని కెనడాలోని క్యూబెక్‌లో రుజువైంది. అక్కడ ఇలాంటి మాత్రలు వాడుతున్న, అరవై ఐదు దాటిన 303 మంది మీద చేసిన అధ్యయనం 2014లో వెలువడింది. వారిలో ఒక బృందానికి చిన్న పుస్తకం పంపారు. ఈ మాత్రతో వచ్చే ముప్పేమిటో, నిండు మాత్ర నుంచి సగానికి, సగం నుంచి పావుకు ఎలా దిగాలో అందులో బొమ్మలతో చూపించారు. ఆరు నెలలకు వందలో 27 మంది పూర్తిగా మానేశారు. పుస్తకం అందనివారిలో మానినవారు వందకు ఐదుగురే. ఆ పుస్తకం నేరుగా మాత్ర మింగే మనిషితో మాట్లాడింది. అలాంటిది తెలుగులో, పెద్ద అక్షరాల్లో అచ్చేసి ప్రతి మెడికల్ షాపులో పెట్టించడం రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలకూ భారం కాదు. డాక్టర్లు చీటీలో మొదలుపెట్టే తేదీతో పాటు ఆపే తేదీ కూడా రాయాలి.

ఈలోగా ఇంట్లో పెద్దల మందుల డబ్బా ఒకసారి తెరిచి చూడండి. ఈ పేర్లు కనిపిస్తే సొంతంగా ఆపకుండా, షీటు పట్టుకుని డాక్టరు దగ్గరకు వెళ్లి ‘దీన్ని ఎలా తగ్గించాలి, ఎప్పటికి ఆపాలి’ అని అడగండి.